దీపం ఆరకుండా మూసిన ఇల్లు

డిగ్రీ పట్టా చేతికి వచ్చింది! కామారెడ్డి కాలేజీ ఆఫీసు కిటికీ దగ్గర సంతకం పెట్టి తీసుకున్నాను. బస్టాండు దాకా నడిచేలోపే కనబడ్డ వాళ్లందరికీ చెప్పేశాను. జిరాక్స్ షాపు ఆయనకు చెప్పాను. చెరుకు రసం అమ్మే ఆమెకు చెప్పాను. ఎల్లారెడ్డి బస్సులో పక్కన కూర్చున్న ముసలామెకైతే ప్లాస్టిక్ కవర్లోంచి తీసి చూపించాను. ఆమె ఆ కాగితం అంచును రెండు వేళ్లతో నలిపి చూసి, "మంచి మందంగున్నది బిడ్డా, జల్ది చినుగది" అంది. చీరల దుకాణంలో బట్ట చూసినట్టే చూసింది. నాకు నవ్వాగలేదు.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. తాతది వేలిముద్ర, నాయనమ్మది వేలిముద్ర, అమ్మది కూడా వేలిముద్రే. బాపు సంతకం పెడతాడు గానీ, అది పెట్టేటప్పుడు నాలుక బయటపెట్టి, ఊపిరి బిగబట్టి పెడతాడు. అందుకని చెప్పకుండా ఉండడం నా వల్ల కాదు. ఎవరు ఏమనుకున్నా సరే.

అయితే పట్టా ఇప్పుడొచ్చింది గానీ, రిజల్ట్ వచ్చింది వానాకాలంలో. ఆ వార్త నేను మొట్టమొదట చెప్పింది అమ్మకు కాదు, బాపుకు కాదు. అది తలుచుకున్నప్పుడల్లా ఇంత సంతోషంలోనూ గొంతులో పెట్రోలు వాసన అడ్డం పడుతుంది.

బాపుకు ఎల్లారెడ్డిలో చిన్న టెంట్ హౌస్ ఉంది. కుర్చీలు, షామియానాలు, వంట గిన్నెలు, మైకు సెట్టు. వీటితోపాటు ఒక ఫ్రీజర్ పెట్టె, ఒక జనరేటర్. పెళ్లిళ్లకు కుర్చీలు పోతాయి, చావులకు ఫ్రీజర్ పోతుంది. మా దిక్కు చాలా ఇళ్లలో ఒకరు దుబాయ్‌లోనో మస్కట్‌లోనో ఉంటారు. ఇంట్లో పెద్ద ప్రాణం పోతే, టికెట్ దొరికిన కొడుకు కోసం శవాన్ని ఆ పెట్టెలో ఆపుతారు. టికెట్ దొరకని కొడుకు ఫోన్లో వీడియో కాల్ పెట్టుకుని, మంటలు లేచేదాకా అక్కడే ఏ గదిలోనో కూర్చుని చూస్తాడు.

జనరేటర్ విషయంలో బాపుకు కొన్ని పట్టింపులున్నాయి. ఎవరింట్లోనైనా అది బయటే ఉండాలి, గోడకు దూరంగా, పొగ గొట్టం ఇంటికి అటువైపు తిరిగి. కింద ఇటుకలు పెట్టి సమంగా నిలబెడతాడు. ఒక పక్కకు ఒరిగితే ఆయిల్ తక్కువైందనుకుని అది తనంతట తనే ఆగిపోతుంది. వేడిగా ఉన్నప్పుడు పెట్రోలు పోయనివ్వడు. దాని వైరు నేరుగా ఫ్రీజర్‌కే పోవాలి. "ఇంటి మీటర్‌కే తలిగియ్యరాదె అన్నా, ఫ్యాన్లు గూడ తిరుగుతయి" అని ఎవరో ఒకరు ప్రతి చావింట్లోనూ అడుగుతారు. "తలిగిస్త. ఈ కరెంటు లైన్లకు ఎక్కి, స్తంభం మీద పని జేసేటోనికి తగిలి, ఆడు కింద వడ్డంక, ఆనికి గూడ నా పెట్టెనే పెట్టాలె" అంటాడు బాపు.

ఆ రోజు కామారెడ్డి హాస్టల్లో రిజల్ట్ చూసుకున్నాను. ఫోన్లో చెబితే సరదా ఏముంటుంది? బాపు మొహం చూస్తూ చెప్పాలనుకుని, ఒక కోవా డబ్బా కొనుక్కుని బస్సెక్కాను. వాన విడవకుండా కొడుతోంది. దారి పొడుగునా కరెంటు స్తంభాలు పొలాల్లోకి ఒరిగి ఉన్నాయి. ఎల్లారెడ్డిలో దిగి షాపుకు పరుగెత్తాను. బాపు షట్టర్ సగం దించి, ట్రాలీ ఆటోలోకి పెట్రోలు డబ్బా ఎక్కిస్తున్నాడు.

"బాపూ, నీకొకటి జెప్పాలె!"

"ఎక్కు, తొవ్వల జెప్దువు. అవతల పెట్టె ఆగిపోయేతట్టున్నది."

తొవ్వలో చెప్పింది ఆయనే. పోచారం చెరువు దిక్కు ఒక ఊళ్లో ముసలామె చనిపోయింది. కొడుకు మస్కట్‌లో ఉన్నాడు. టికెట్ దొరికింది, రేపు పగటికల్లా వస్తాడు. అల్లుడు అతన్ని తీసుకురావడానికి కారు కట్టుకుని శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు పోయాడు. ఇంటి దగ్గర కూతురుంది. ఈ ఇద్దరే పిల్లలు. వాళ్ల తండ్రి పోయినప్పుడు ఆ కొడుకు రాలేకపోయాడట. అందుకని ఈసారి ఆ కూతురు అన్నకు ఫోన్లో మాటిచ్చింది: "నువ్వొచ్చి మొకం సూసేదాక అవ్వను లేవనియ్య." నిన్నటి నుంచి పెట్టె పక్కనుంచి కదల్లేదు.

"పాపం, ముద్ద గూడ ముట్టలే" అన్నాడు బాపు. "కరెంటు ఇప్పట్ల రాదు. రేపటిదాక మిషిను ఆగొద్దు. ఆ పెట్రోల్‌కే వచ్చిన. నువ్వేందో జెప్తనంటివి?"

నేను నోరు తెరిచేలోపే ఫోన్ మోగింది. చనిపోయినామె తమ్ముడు, అంటే ఆ పిల్లలకు మేనమామ. బాపు స్పీకర్ పెట్టాడు.

"అన్నా, నీ మిషిను దగ్గుతున్నది. ఒకపారి గట్టిగ ఉరుకుతది, ఒకపారి కుయ్యిమంటది."

"పెట్రోల్ ఉన్నదా?"

"ఇంకా ఉన్నది."

"చోక్ ఎవలన్న గుంజిండ్రా సూడు. గుంజితె లోపలికి నూకు."

"నూకే ఉన్నది. పొగ నల్లగ గొడుతున్నది."

"గాలి సాలుతలేదు దానికి. పక్కకు నల్ల డబ్బ ఉంటది సూడు, అండ్ల స్పాంజి తడిసినట్టున్నది."

"యాడ తడుస్తదన్నా!" మేనమామ గొంతులో గర్వం కూడా వినబడింది. "నువ్వు పైన గట్టిన తాడిపత్రి కవరు గాలికి లేచి చెరువుల వడ్డది. మేము నలుగురం వట్టి మిషిన్‌ను ఇంట్లకు దెచ్చినం. పెండ్లికొడుకు లెక్క సూసుకుంటున్నం, సుక్క నీళ్లు తాకనిస్తలేం."

బాపు కాలు బ్రేకు మీద పడింది. ఆటో పక్కకు జారి ఆగింది.

"ఇంట్లనా? ఇంట్ల యాడ?"

"నడవల, అవ్వను వెట్టిన అర్ర పక్కకే. ఫికర్ జెయ్యకు."

"తలుపులు?"

"అన్ని ఏసినం. ఈ గాలికి తలకాడ దీపం ఆగుతలేదు. కిటికీలకు గోనె సంచులు గుక్కితె, గిప్పుడు నిలవడ్డది."

"బంద్ జెయ్యి! మిషిను బంద్ జేసి అందర్ని బైటికి గుంజు! ఆ పొగ సంపుతది!"

"బంద్ జేస్తె పెట్టె గూడ బందైతది గదన్నా. మా పిల్ల మమ్ముల బత్కనిస్తదా..."

అంతే, లైను తెగింది. మళ్లీ కలవలేదు. అక్కడి టవర్లకూ కరెంటు లేదు.

మా దిక్కు శవం తలకాడ పెట్టిన దీపం పాడె లేచేదాకా ఆరకూడదు. ఆరితే పోయినవాళ్లు చీకట్లో తొవ్వ తప్పుతారంటారు. ఆ దీపం కోసం వాళ్లు ఇల్లు మూశారు. పరాయివాడి మిషిను వానలో పాడవుతుందని జాలిపడి దాన్ని లోపలికి తెచ్చారు. ఎవరికీ చెడ్డ బుద్ధి లేదు. అదే నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

బాపు ఆటో ఎంత తోలగలడో అంత తోలాడు. దారిలో ఒక్కసారి మాట్లాడాడు. "ఆ పొగల ఒక ఇసం ఉంటది బిడ్డా. కండ్లకు గానరాదు, వాసన రాదు. నిద్రొచ్చినట్టే ఉంటది, గంతే." నేను ఫోన్ చేస్తూనే ఉన్నాను. అందుబాటులో లేరని ఆ రికార్డు గొంతు తియ్యగా చెబుతూనే ఉంది. కల్వర్టు మీద నీళ్లు పారుతున్నాయి, అవతల మనుషులు చేతులూపి రావద్దన్నారు. బాపు వెనక్కి తిప్పి చెరువు కట్ట మీది నుంచి చుట్టూ తిరిగి వెళ్లాడు. అది ఇంకా దూరం. కోవా డబ్బా నా ఒళ్లోంచి జారి సీటు కిందికి పోయింది.

ఇంటి ముందు అరుగు మీద ముసలమ్మలు కొందరు కూర్చుని ఉన్నారు. ఒకామె స్తంభం పట్టుకుని వాంతి చేసుకుంటోంది. ఇంకొకామె కొంగుతో తల గట్టిగా కట్టుకుంది.

"ఏమైందవ్వా?" అన్నాను.

"పైత్యం జేసింది బిడ్డా. నిన్నటి సంది కడుపుల ఏం లేకపాయె."

"నా తల పలుగుతున్నది. ఏడ్సి ఏడ్సి గిట్లయింది."

"లోపల ఎవలున్నరు?" బాపు అరిచాడు.

"బిడ్డ ఒక్కతే ఉన్నది. అవ్వ పెట్టె మీద తల వెట్టి పండుకున్నది. ఇగ జర కన్నంటుకున్నది, లేపకుండ్రి, పాపం."

బాపు ఊపిరి బిగబట్టి లోపలికి ఉరికాడు. జనరేటర్ ఆగింది. ఆ చప్పుడు ఆగాక గానీ వాన ఎంత గట్టిగా పడుతుందో నాకు తెలియలేదు. తలుపులు తెరుచుకున్నాయి. కిటికీల్లోంచి గోనె సంచులు బయటికి వచ్చి పడ్డాయి. చల్లగాలి ఆ పక్క నుంచి ఈ పక్కకు దూసుకుపోయింది, దీపం ఆరిపోయింది.

"దీపం ఆర్పిండు! ముదనష్టపోడు, దీపం ఆర్పిండు!" తలకు కొంగు కట్టుకున్నామె గుండెలు బాదుకుంది.

బాపు, పెరట్లోంచి ఉరికొచ్చిన మేనమామ కలిసి ఆ కూతుర్ని బయటికి మోసుకొచ్చారు. నేను కాళ్లు పట్టుకున్నాను. పెట్టె అద్దం మీది చెమ్మ ఆమె చెంపకు అంటుకుని ఉంది. తల ఎటు వంచితే అటు వాలిపోతోంది. అరుగు చివర, వాన జల్లు మొహం మీద పడేచోట పడుకోబెట్టాం. చాలాసేపటికి కళ్లు తెరిచింది. ఎవరినీ చూడని చూపు.

"అన్న అచ్చిండా?" అంది.

సిగ్నల్ దొరికే కట్ట మీదికి ఒకాయన ఉరికి అంబులెన్స్‌కు ఫోన్ చేశాడు. మేనమామ కుదురుగా నిలబడలేక లోపలికీ బయటికీ తిరుగుతున్నాడు. నడవలోంచి మిషిన్‌ను దూరంగా పశువుల కొట్టం అవతలికి మోయించాడు. వెంటనే పెట్రోలు డబ్బా మూత తిప్పాడు. బాపు వెళ్లి డబ్బా గుంజుకున్నాడు.

"సల్లారనియ్యి! కుతకుత ఉడుకుతున్నది. పోస్తె భగ్గుమంటది."

"సల్లారేదాక పెట్టె? పిలగాడు వచ్చి ఏం సూస్తడు? మా అక్క మొకం..."

"మూత తియ్యకుంటె పెట్టెల సల్లదనం జరసేపు ఆగుతది. ఈ పిల్ల ఆగది. ముందుగాల ఈమెను సూడు."

అంబులెన్స్ వచ్చింది. అందులో వచ్చినతను ఆమెకు మాస్కు పెట్టి, ఆడమనిషి ఒకరు తోడు రావాలన్నాడు. అరుగు మీది వాళ్లెవరూ లేచి నిలబడే స్థితిలో లేరు. వాళ్ల కోసం ఇంకో బండి చెప్పానన్నాడు. భర్త శంషాబాద్‌లో ఉన్నాడు. బాపు నా వైపు చూశాడు. నేను ఎక్కాను.

"కామారెడ్డి దాక మాట్లాడిపిస్తనే ఉండు చెల్లె" అన్నాడు ఆ అంబులెన్స్ అతను. "కండ్లు మూయనియ్యకు. ఏదన్న జెప్పు."

ఏం చెప్పను? ఆమె పేరు కూడా నాకు తెలియదు. వాళ్ల అమ్మ గురించి మాట్లాడలేను. నా దగ్గర ఉన్నది ఒక్కటే.

"అక్కా, నేను డిగ్రీ పాసైన!"

ఆమె కళ్లు నా వైపు కదిలాయి. మాస్కు లోపలి నుంచి, "ఎవలు?" అంది.

"నేనక్కా. టెంట్ హౌసాయన బిడ్డను. డిగ్రీ పాసైన. ఇయ్యాల్నే రిజల్ట్ వచ్చింది."

కళ్లు మూతలు పడుతున్నాయి. చెయ్యి పట్టి ఊపాను. "అక్కా, మా ఇంట్ల ఎవ్వలు సదువలేదు! నేనే ఫస్టు! అకౌంట్స్ పేపర్ పోయిందనుకున్న, పోలే! ఇంకా మా బాపుకు గూడ జెప్పలే!"

"మిషిను నడుస్తున్నదా?"

"బాపు నడిపిస్తడక్కా. నేను పాసైన, ఇనవడ్డదా?"

ఇలాగే పోయాం. సైరన్ మోగుతుంటే దాని మీద అరుస్తూ, ఎంతో మురిపెంగా చెప్పాలనుకున్న మాటను ప్రమాద హెచ్చరికలాగా అరుస్తూ. ఆమె మళ్లీ మళ్లీ ఎవలు అనేది, నేను మళ్లీ మొదటి నుంచి చెప్పేదాన్ని. ఒకచోట, బహుశా లింగంపేట దాటాక, "ఏం సదివినవ్?" అని అడిగింది. అప్పుడు నాకు ఏడుపొచ్చింది.

కామారెడ్డి ఆసుపత్రిలో ఆమెకు ఆక్సిజన్ పెట్టి ఉంచారు. ఇంకొంచెం సేపు ఆ గదిలోనే ఉంటే బతికేది కాదన్నారు డాక్టరమ్మ. సాయంత్రం బాపు కట్ట మీది నుంచి ఫోన్ చేశాడు. మిషిను చల్లారాక తాడు గుంజితే పట్టలేదట. ప్లగ్ విప్పితే మసి పట్టి కర్రె బొగ్గులా ఉంది, గీకి తుడిచాడు. గాలి డబ్బాలోని స్పాంజి ఆ ఇంటి పొగంతా పీల్చి నల్లబారింది, కడిగి ఆరబెట్టాడు. ఆయిల్ చూసుకుని, కొట్టం అవతల ఇటుకల మీద సమంగా నిలబెట్టి, పైన మాత్రమే రేకు కప్పి, పక్కలన్నీ ఖాళీగా వదిలాడు. భుజం పోయేదాకా గుంజితే అందుకుంది.

"దీపం?" అన్నాను.

"ఆరింది మల్ల ముట్టియ్యొచ్చునా, ముట్టియ్యొద్దా అని ముసలోళ్లు జరసేపు కొట్లాడిండ్రు. నన్ను తిట్టిన ఆమెనే ముట్టిచ్చింది. గాలి తలుగకుండ సుట్టు ఇటుకలు వేర్చిన. తలుపులు తీసే ఉన్నయి."

మరునాడు పగటికి అల్లుడి కారులో అన్న ఊరు చేరాడు. ఆసుపత్రిలో చెల్లెలు లేచి కూర్చోబోతే కళ్లు తిరిగి మంచం మీదికే ఒరిగింది. పంపమని డాక్టరమ్మ కాళ్లు పట్టుకోబోయింది, వాళ్లు ఒప్పుకోలేదు. అందుకని అన్న కట్ట దగ్గరి సిగ్నల్ అందేలా శవాన్ని వాకిట్లో ఆ చివరకు తెప్పించి, నా ఫోన్‌కు వీడియో కాల్ చేశాడు. నేను ఆమె మొహం ముందు పట్టుకున్నాను. ఇంకా విమానం బట్టల్లోనే ఉన్నాడు అతను.

"చెల్లె, నేనొచ్చిన."

"అవ్వ మొకం సూసినవా అన్నా?"

"సూసిన."

"మంచిగున్నదా? మారలేదు గదా?"

"మంచిగున్నది. పండుకున్నట్టే ఉన్నది."

ఫోన్ కిందికి తిప్పాడు. నేనూ చూశాను. పండుకున్నట్టు లేదు. పెదాలూ, కళ్ల కిందా నల్లబడ్డాయి. ఆమె మాత్రం చెయ్యి చాపి నా ఫోన్ అద్దం మీద వేలు పెట్టింది.

"మన బాపు సచ్చినప్పుడు నేను గిట్లనే ఫోన్ల సూసిన" అన్నాడు అన్న. "ఇయ్యాల నువ్వు సూడవడ్తివి. మన కర్మ గిట్లనే ఉన్నది చెల్లె." తరవాత, "లేపుతున్రు" అన్నాడు. డప్పులు మొదలయ్యాయి. పాడె భుజాల మీదికి లేచింది. అంతలో బొమ్మ ఆగిపోయింది. ఒక భుజం, ఒక తుండుగుడ్డ, వెనక వాన. ఆమె దాన్నే చూస్తూ ఉంది. చాలాసేపు నేను ఫోన్ దించలేదు.

ఆ మాపటికి బాపు వచ్చాడు. గోళ్ల నిండా మసి. చేతిలో నలిగిన కోవా డబ్బా.

"సీటు కింద దొరికింది. ఏంది బిడ్డా ఇది?"

చావు జరిగిన మనిషి ముందు ఎలా చెప్పను? తల దించుకున్నాను. మంచం మీది నుంచి ఆమె అంది, ఎండిన గొంతుతో, గోడ వైపు చూస్తూనే: "నీ బిడ్డ డిగ్రీ పాసైందే కాకా. తొవ్వంత గదే జెప్పింది."

బాపు నా తల మీద చెయ్యి పెట్టబోయి, మసి చూసుకుని ఆపేశాడు. ఆ చేతిని తన అంగీకే తుడిచాడు, మళ్లీ మళ్లీ తుడిచాడు. ఆ డబ్బా అక్కడ ఎవరూ విప్పలేదు.

ఇదంతా ఇవాళ ఎందుకు చెబుతున్నానంటే, పట్టా తీసుకుని నేను నేరుగా ఇంటికి పోలేదు. ఎల్లారెడ్డిలో బస్సు మారి ఆమె దగ్గరికి పోయాను. ఆమె ఇప్పుడు భర్తతో వాళ్లమ్మ ఇంట్లోనే ఉంటోంది. అన్న మస్కట్ వెళ్లిపోయాడు. చూడ్డానికి ఆమె బాగానే కనబడుతుంది గానీ, పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోతుంది, మాట మధ్యలో ఆగి నా మొహం చూస్తుంది. చేతులు కొంచెం వణుకుతాయి. కొన్ని అలాగే ఉండిపోతాయని డాక్టర్లు చెప్పారట.

పట్టా ఇచ్చాను. ఒళ్లో పెట్టుకుని చాలాసేపు చూసింది. కిటికీ తెరిచి ఉంది. ఆ ఇంట్లో ఇప్పుడు వానొచ్చినా కిటికీలు మూయడం లేదు.

"అందరు జెప్తరు, నేను ఫోన్ల అవ్వను సూసిన్నని" అంది. "నాకు యాదికి లేదు చెల్లె. ఆ మొకం యాదికి లేదు. దీపం యాదికి లేదు. ఎంత యాది జేసుకున్నా వస్తలేదు." కాగితం మీది నా పేరు మీద వేలు కదిపింది. "నువ్వు పాసైంది మాత్రం యాదికున్నది. అకౌంట్స్ పోయిందనుకున్నవ్, పోలే. గదొక్కటే ఉన్నది."